నాలుగుంపావు పందెం

రాయచోటి డ్రైవరు నా పరువు తీసింది మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై ఎనిమిది నిమిషాలకు. ఆ టైము నేను రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను అర్దియాలో మా గోడౌనులో ఉన్నాను. టైల్స్ పెట్టెల వరసల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అన్నం డబ్బా మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోనులో పోకర్ ఆడుతున్నాను. కువైట్ వచ్చి పందొమ్మిదేళ్లు. మొదటి ఐదేళ్లు పెట్టెలు మోశాను, ఆ తర్వాత వాటిని లెక్కపెట్టే పనికి వచ్చాను. ఏడో తరగతితో బడి మానేసినవాడిని. లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. ఒక వరసలో ఎన్ని పెట్టెలు, ఎన్ని వరసలు, పగిలినవి ఎన్ని అని తల ఎత్తి చూస్తూ చూస్తూ వచ్చిందే. మా ముదీర్, అంటే మేనేజరు, కంప్యూటరులో చూసి చెప్పేలోపు నేను చెప్పేవాడిని. రెండూ కలవకపోతే ఆయన కంప్యూటరునే మళ్లీ చూసుకునేవాడు.

ఈ లెక్క వల్ల మావాళ్లలో నాకొక పేరు ఉండేది. లెక్కల సారు. శుక్రవారం వచ్చిందంటే ఎవరో ఒకరు పాస్‌పోర్టు పట్టుకుని మా గదికి వచ్చేవారు. ఎన్నేళ్లు పని చేశారు, ఎన్నిసార్లు ఊరికి పోయొచ్చారు, ఇంకా ఎన్ని రోజుల సెలవు రావాలి అన్నది ముద్రలు చూసి చెప్పాలి. విమానం ఎక్కిన రోజు సెలవులో పడుతుందా, దిగిన రోజు పడుతుందా అన్న దగ్గరే అందరూ తప్పుతారు. నేను తప్పను. పైసా తీసుకోను. వాళ్లు "సారూ" అని పిలిచేది చాలు. ఆ ఒక్క పిలుపు కోసమే శుక్రవారం మధ్యాహ్నం నిద్ర మానుకునేవాడిని.

పోకర్ కూడా సొంతంగానే నేర్చుకున్నాను. ఫోనులో మావాళ్లకొక గ్రూపు ఉండేది, నలభై మందిమి. గ్రూపుకొక ఆట బల్ల. డబ్బు లేదు, ఉత్త చిప్స్, అంటే ఆట బిళ్లలు. మా గదిలో పెద్దాయన, ఒక ఆఫీసులో టీ కలిపే కడప చాచా, మొదటిరోజే చెప్పాడు. "డబ్బు పెట్టినారంటే ఫోన్లన్నీ కిటికీలోంచి పారేచ్చా. ఇఖామా పోగొట్టుకోవాలని ఉంటే వేరే గది సూసుకోండి." ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డు. అందుకని ఓడినవాడు శుక్రవారం వంట చేయాలని పెట్టుకున్నాం. నాకు వంట వంతు తక్కువగానే వచ్చేది.

రాయచోటి డ్రైవరు సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నోరు పెద్దది. ఆట రాదు, కానీ నవ్వించడం వచ్చు.

ఈ ఆటలో ఎవరి చేతిలో వాళ్లకు రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి తెరుచుకునేవి ఐదు. ఆ రోజు నాకు రెండు రాజులు వచ్చాయి. పందెం పెంచాను. అతనొక్కడే నాతో వచ్చాడు. బల్ల మీద మూడు ముక్కలు తెరుచుకున్నాయి. ఆసు, తొమ్మిది, ఐదు. ఇక్కడ ఆటలో ఒక మర్యాద ఉంది. ముందు పెంచినవాడిని నేను కాబట్టి, నాకంటే ముందు ఆడవలసినవాడు ఊరుకుని, నేనేం చేస్తానో చూడాలి. నూటికి తొంభైసార్లు అలాగే జరుగుతుంది. అతను ఊరుకోలేదు. ఉన్నదంతా, ఒక్క చిప్ మిగలకుండా, బల్ల మీదికి తోశాడు.

నేను ఇరవై సెకన్లు ఆలోచించాను. అడగకుండా వచ్చిన పందెం, అదీ మొత్తం. ఆసు లేనివాడు ఇలా చేయడు. రెండు రాజులు పడేశాను. ఆ ఆట వదులుకుని అంతటితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. గ్రూపులో రాశాను: "రెండు రాజులు చేతిల ఉండి పడేసిన. అవతల ఆసు ఉన్నదని లెక్క తెలిసినోనికే తెలుస్తది."

ఒంటిగంటా యాభై ఎనిమిదికి అతని ముక్కల ఫోటో గ్రూపులో పడింది. ఏడు, రెండు. పేకలో అంతకంటే పనికిమాలిన జత లేదు. ఫోటో వెనకే అతని గొంతు.

"భాయ్, అందరూ సూడండి! రెండు రాజులు పెట్టుకోని, ఏడూరెండుకి దండం పెట్టినాడబ్బా మన సారు! సారూ, ఏడూ రెండూ కలిపితే ఎంత సారూ? కంప్యూటర్ని అడుగు పో!"

నలభై మంది నవ్వారు. సాయంత్రం గదికి వెళ్లేసరికి, కింది మంచం మీద ఉండే నిజామాబాదు తమ్ముడు, ఏసీలు బాగుచేసేవాడు, నా పేరు మార్చేశాడు.

"ఏడూరెండన్నా, జర పప్పు దించు."

నేను దించాను. నవ్వాను కూడా. రెండు వారాలు పోతే మరిచిపోతారనుకున్నాను. మూడో శుక్రవారం ఆ తమ్ముడే తన పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఫోను మీద వేలితో ఏదో కొడుతున్నాడు. సెలవు లెక్క. నాకు రెండడుగుల దూరంలో కూర్చుని.

"ఇటియ్యి తమ్మీ, నేను చూస్త" అన్నాను.

"వద్దులే అన్నా. యాప్ ఉన్నది. నువ్వు మల్ల ఏడూరెండు జేస్తవ్."

హాస్యానికే అన్నాడు. కానీ పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఆ శుక్రవారం ఇంకెవరూ రాలేదు. తర్వాతి శుక్రవారమూ రాలేదు. మధ్యాహ్నం ఖాళీగా పడుకుని పైకప్పు చూస్తూ నిర్ణయించుకున్నాను. నా పేరు ఎక్కడ పోయిందో అక్కడే, ఆ బల్ల మీదే, ఆ నలభై మంది ముందే తెచ్చుకోవాలి. వాడిని ఊరికే ఓడిస్తే సరిపోదు. అదే రకం పందెంతో ఓడించాలి.

గోడౌనులో వాడే పొడుగు నోటుబుక్కు ఒకటి తీసుకున్నాను. డ్రైవరు అడగకుండా మొత్తం తోసిన ప్రతిసారీ రాయడం మొదలుపెట్టాను. టైము, బల్ల మీది ముక్కలు, ఎవరు పడేశారు, ఎవరు సమానంగా పెట్టి చూశారు, చూస్తే అతని చేతిలో ఏముంది, ఆ తర్వాతి ఆటలో అతను ఉన్నాడా లేదా. నాలుగు నెలల్లో పదిహేడు రాశాను. ముక్కల్లో ఏ పద్ధతీ దొరకలేదు. ఒకసారి జాకీల జత, ఒకసారి నాలుగూ మూడూ. దొరికింది ఆఖరి గడిలో. పదిహేడులో పద్నాలుగుసార్లు, మొత్తం తోశాక అతను మాయమయ్యాడు. తర్వాతి రెండు మూడు ఆటలు అతని కుర్చీ ఖాళీ. మిగిలిన మూడుసార్లు మాత్రం బల్ల దగ్గరే ఉన్నాడు. ఆ మూడింటిలోనూ అతని చేతిలో పెద్ద ముక్కలే ఉన్నాయి.

మొదటి ఆట గుర్తొచ్చింది. ఫోటో పెట్టడానికి అరగంట ఎందుకు పట్టింది? ఏడూరెండుతో నన్ను బెదరగొట్టి గెలిచినవాడు ఆ క్షణంలోనే అరవాలి కదా. అరగంట ఎక్కడికి పోయాడు?

జవాబు హవల్లీలో దొరికింది. గోడౌను ప్రింటరుకు ఏదో సామాను కొనుక్కురమ్మని ముదీర్ పంపాడు. ఒంటిగంట దాటింది. ఒక స్కూలు ముందు కార్ల వరస. వరస నిండా డ్రైవర్లే, అద్దాలు దించుకుని, చేతుల్లో ఫోన్లు. మా బండి ఆ వరస పక్కన ఇరుక్కుపోయింది. చూస్తే నాలుగు కార్ల అవతల మనవాడు. ఫోను స్టీరింగ్‌కు ఆనించుకుని బొటనవేలితో ఆడుతున్నాడు. నేనూ నా ఫోను తీసి బల్ల తెరిచాను. అతను ఆటలో ఉన్నాడు.

అంతలో అతని కారులో స్పీకరు మోగింది. ఆడగొంతు. "యల్లా! యల్లా! వేన్ ఇంతా?" త్వరగా రా, ఎక్కడున్నావని అరబ్బీలో అడుగుతోంది. మామా. ఇంటి యజమానురాలు. అతను ఉలిక్కిపడ్డాడు. బొటనవేలు ఫోను మీద రెండుసార్లు టకటకా కొట్టాడు. ఫోను పక్క సీటులోకి విసిరేసి, తలుపు తీసి, గేటు వైపు పరుగెత్తాడు. నా ఫోనులో చూశాను. అతని చిప్స్ అన్నీ బల్ల మధ్యలో ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. మామా పిలిస్తే ఫోను వదలాలి. ఏమీ నొక్కకుండా వదిలితే టైము అయిపోయి ముక్కలు పోతాయి. కొంచెం పందెం కడితే మళ్లీ మళ్లీ జవాబు చెప్పాలి. మొత్తం తోసేస్తే ఇక నొక్కే పనే లేదు. ఆట తనంతట తానే నడుస్తుంది. చాలామంది భయపడి పడేస్తారు కూడా. చేతిలో ఏముందో చూసుకునే తీరిక కూడా లేని పందెం అది. హవల్లీ నుంచి సల్వాకు బడి వేళ రద్దీలో అరగంట. పిల్లల్ని దించి, ఫోను తీసి చూసుకుని, ఓహో ఏడూరెండుతో గెలిచానా అని, అప్పుడు ఫోటో పెట్టాడు.

నన్ను ఓడించింది ధైర్యం కూడా కాదు. నావైపు చూడనైనా చూడని మనిషికి నేను రెండు రాజులు పడేశాను. ఇది తెలిశాక నా కోపం తగ్గలేదు. రెట్టింపైంది.

నోటుబుక్కు మళ్లీ చదివాను. పద్నాలుగులో తొమ్మిది బడి రోజుల్లో, ఒంటిగంటన్నర అటూ ఇటూ. మిగిలిన ఐదు శుక్రవారాలే. నాలుగూ పన్నెండు, నాలుగూ ఇరవై, నాలుగూ పదిహేను, నాలుగూ పద్దెనిమిది, మళ్లీ నాలుగూ పదిహేను. శుక్రవారం సాయంత్రాలు మామాను పుట్టింటికి తీసుకెళ్లాలని అతను గ్రూపులో గొణగడం గుర్తొచ్చింది.

పండగ తర్వాత గ్రూపులో ఎనిమిది మందికి పోటీ పెట్టాలని మాట వచ్చింది. ఓడినవాళ్లు నెల్లాళ్లు వంట. రాత్రి ఆడదామన్నారు. నాకు సాయంత్రం డ్యూటీ ఉంది, శుక్రవారం మూడున్నరకు మొదలుపెడితేనే వస్తానన్నాను. నాకు ఏ డ్యూటీ లేదు. లెక్కలో ఎప్పుడూ అబద్ధం చెప్పని నేను ఈ ఒక్కటి చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. డ్రైవరు గొంతు పంపాడు: "సారు కోసరం ఎప్పుడంటే అప్పుడే. ఏడూరెండుని గూడ పిలుచుకోని వచ్చా!"

మా గదిలో చాపల మీద కూర్చుని ఆడాం. అతను మాత్రం సల్వాలో, ఇంటి బయట కారులో. ఒక్కొక్కరికి పదివేల చిప్స్. ఒక్కొక్కరే పోయారు. తమ్ముడు అందరికంటే ముందు పోయి నా భుజం వెనక చేరాడు. నాలుగు గంటలకు మేమిద్దరమే మిగిలాం. నా దగ్గర నలభై ఆరు వేలు, అతని దగ్గర ముప్పై నాలుగు.

అప్పుడు నేను చేసిన పని ఎవరికీ అర్థం కాలేదు. ఆట సాగదీశాను. మంచి ముక్కలతో కూడా చిన్న చిన్న పందేలే కట్టాను. ఒకటి పోగొట్టుకుని ఒకటి తెచ్చుకుని చిప్స్ కదలకుండా చూశాను. "ఏందన్నా, నిద్రపోతున్నవా?" అని తమ్ముడు గొణిగాడు. నేను గోడ గడియారం చూస్తున్నాను.

నాలుగూ పద్నాలుగుకు నాకు రెండు తొమ్మిదులు వచ్చాయి. రెండు వేలకు పెంచాను. అతను వచ్చాడు. బల్ల మధ్యలో నాలుగు వేలు. ముక్కలు తెరుచుకున్నాయి. రాణి, జాకీ, నాలుగు. ముందు ఆడవలసింది అతనే. మర్యాద ప్రకారం ఊరుకోవాలి. గడియారం ముల్లు పదిహేను మీదికి వచ్చింది.

అతని ముప్పై రెండు వేలూ ఒక్కసారిగా బల్ల మీదికి వచ్చాయి.

"పడెయ్ అన్నా!" తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. "రాణి ఉన్నది, జాకీ ఉన్నది. తొమ్మిదులతోని ఎట్ల పోతవ్?"

"ఆగు తమ్మీ."

"మల్ల ఏడూరెండు ముచ్చట కావాల్నా నీకు?"

"అదే కావాలె."

ఫోను నాకు అరవై సెకన్లు ఇచ్చింది. ఈ లెక్క కోసమే నాలుగు నెలలు ఆగాను. నేను ముప్పై రెండు వేలు పెడితే మొత్తం అరవై ఎనిమిది వేలు అవుతుంది. అంటే పదిహేడు ఆటల్లో ఎనిమిది గెలిస్తే సరికి సరి. అది మామా పందెమైతే అతని చేతిలో ఏవైనా ఉండొచ్చు. నాకు కనిపించని ముక్కలు నలభై ఏడు, వాటిలో రాణులూ జాకీలూ కలిపి ఆరే. ఆఖరిదాకా పోతే పదిలో ఆరుసార్లు నేనే గెలుస్తాను. నిజం పందెమైతే పదిలో ఒక్కసారి. నా నోటుబుక్కులో మామావి పద్నాలుగు, నిజానివి మూడు. పద్నాలుగు ఆరులు ఎనభై నాలుగు, మూడు ఒకట్లు మూడు. ఎనభై ఏడు. పదో వంతు తీస్తే ఎనిమిదీ పాయింటు ఏడు. కావలసింది ఎనిమిది.

చూస్తానని నొక్కాను.

ముక్కలు తిరగబడ్డాయి. అతని చేతిలో రాజు, ఐదు. రాణీ లేదు, జాకీ లేదు. గదిలో ఎవరో ఈల వేశారు. నాలుగో ముక్క ఏడు. ఐదో ముక్క ఐదు. "పాయె!" అని తమ్ముడు అరిచాడు. పోలేదు. అతనికి వచ్చింది ఐదుల జత. నావి తొమ్మిదులు. అరవై ఎనిమిది వేలూ నావైపు జరిగాయి.

అతని కుర్చీ అప్పటికే ఖాళీ. ఓడినట్టు కూడా అతనికి తెలియదు.

నేను చెప్పవలసింది రెండు వారాల ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో చదివాను. "అందరు ఇనుండ్రి. ఈయన ఉత్తగ మొత్తం పెట్టింది పదిహేడు సార్లు. ఇవ్వాల్టిది కాక. అండ్ల పద్నాలుగు సార్లు మామా పిలిస్తెనే పెట్టిండు. ఏడూరెండు గూడ అసొంటిదే. అది దమ్ము గాదు. మామా యల్లా అంటె ఫోన్ పారేసి ఉరికిండు. ఇప్పుడు గూడ ఉరుకుతనే ఉన్నడు. టైములు చదువుతున్న." పద్నాలుగూ చదివాను. ఒక్కటీ వదల్లేదు.

గది విరగబడి నవ్వింది. గ్రూపులో నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. చాచా ఒక్కడు నవ్వలేదు. "మామా పిలిస్తే ఉరకడం నవ్వేదేనంట్రా?" అని గ్లాసులు కడగడానికి లేచిపోయాడు. నేను వినపడనట్టు ఫోనులో నవ్వు బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఆ అరగంట నా పందొమ్మిదేళ్ల కువైట్‌లో బాగా గడిచిన అరగంటల్లో ఒకటి. ఇప్పటికీ అదే మాట చెబుతాను.

నాలుగూ నలభై తొమ్మిదికి అతని గొంతు వచ్చింది. తిడతాడనుకున్నాను.

"సారూ! నాలుగు నెల్లు నా టైములు రాసినావా సారూ? నేను ఎప్పుడు యాడుంటానో మా ఇంటిదానికే ఇంత సరిగ్గా తెల్దు గదబ్బా! ఆ బుక్కు ఒకసారి ఇయ్యి సారూ, మామాకి చూపించి ఓవర్‌టైము అడుగుతా!"

ఈసారి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. తమ్ముడు చాప మీద దొర్లాడు. వాడిని కొట్టిన కర్రతోనే వాడు నన్ను కొట్టాడు. ఏడూరెండు అన్న పేరు ఆ రోజుతో పోయింది. వారం తిరక్కుండా గ్రూపులో నా పేరు మామా రిజిస్టర్ అయింది. గెలిచాను, కానీ సారు అన్న పిలుపు మాత్రం తిరిగి రాలేదు.

అది వచ్చింది ఇంకో నెలకు. శుక్రవారం మూడూ యాభైకి తలుపు తట్టారు. డ్రైవరు. చేతిలో పాస్‌పోర్టు, మొహంలో నవ్వు లేదు. గదిలో నేనూ, చాచా, తమ్ముడూ ఉన్నాం.

"సారూ, ఒక లెక్క గావాల" అన్నాడు నిలబడే. "ఆరేండ్లాయ. మామా అరవై దినాలే సెలవు వచ్చాదంటాంది. ఎక్కువొచ్చే లెక్క కాయితం మీద రాసి తెమ్మనింది. సాయంత్రం వాళ్లమ్మ ఇంటికి పోతాంటే సూచ్చాదంట. టికెట్ ఈ రాత్రికే తీచ్చాది."

"యాప్ ఉంది కదా" అన్నాను.

"రెండుసార్లు ఏచ్చే రెండు రకాలుగా వచ్చె." తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల దించుకున్నాడు. "నువ్వు రాచ్చేనే సరిగ్గా ఉంటాది. లెక్కల సారూ, రెండు చేతులెత్తి అడుగుతాండా."

తమ్ముడు విన్నాడు. చాచా విన్నాడు. నేను పాస్‌పోర్టు తీసుకుని, తెరవకుండా దిండు మీద పెట్టాను. లేచి టీకి నీళ్లు పెట్టాను. ఆకు వేశాను. మరిగాక పాలు పోశాను. నాలుగు గ్లాసుల్లో పోసి అతనికీ ఒకటి ఇచ్చాను. కూర్చుని, ఊదుకుంటూ, మెల్లగా తాగాను. అతను పాస్‌పోర్టు వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. నాకెంత తెలుసో అతనికీ అంత తెలుసు.

నాలుగూ పదిహేడుకు ఫోను మోగింది. అతను దిగ్గున లేచాడు.

"సారూ, మామా."

"కూచో. ఇంకా నాలుగు నిమిషాలున్నయ్."

"రాసిచ్చేయ్‌రా, పాపం" అన్నాడు చాచా.

నేను గ్లాసు దించలేదు. ఫోను మోగుతూనే ఉంది. అతను దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. కూర్చున్నాడు. ఫోను బోర్లించి చాప మీద పెట్టాడు. అది మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. ఆరేళ్లలో మామా పిలుపును అతను మోగనిచ్చింది అదే మొదటిసారి అనుకుంటాను. నా ముందు, నా మాట మీద.

నాలుగూ ఇరవై ఒకటికి పాస్‌పోర్టు తెరిచాను. అతని ఏడూరెండు ఫోటో రావడానికి ముప్పై నిమిషాలు పట్టింది. ఒక్క నిమిషం కలిపి, మూడూ యాభై నుంచి ముప్పై ఒక్క నిమిషాలు, తిరిగి ఇచ్చాను.

ముద్రలు చూశాను. రెండుసార్లు పోయొచ్చాడు. ఒకసారి ముప్పై ఐదు రోజులు, ఒకసారి ముప్పై నాలుగు. ఏడాదికి ముప్పై చొప్పున ఆరేళ్లకు నూట ఎనభై. అందులో అరవై తొమ్మిది పోతే నూట పదకొండు. ఇంకోసారి కింది నుంచి పైకి వేసి చూశాను. నూట పదకొండే. వాడి మీద ఎంత కోపమున్నా ఒక్క రోజు తగ్గించి రాయడం నా చేత కాదు. తారీఖులన్నీ వరసగా, మామా ఎవరికి చూపించినా తప్పు పట్టలేనట్టు రాసి ఇచ్చాను.

అతను కాగితం జేబులో పెట్టుకుని, "సలాం సారూ" అని, మెట్ల మీద పరుగెత్తాడు. కిందికి దిగుతూ ఫోనులో "జాయ్ మామా, జాయ్," వస్తున్నాను, వస్తున్నాను అనడం వినపడింది.

తమ్ముడు మెల్లగా తన పాస్‌పోర్టు తెచ్చి నా దిండు మీద పెట్టాడు.

"అన్నా, నాది గూడ ఒకసారి…"

"అన్న ఎవరు?"

"సారూ" అన్నాడు.

గడియారం చూశాను. నాలుగున్నర. తమ్ముడి పాస్‌పోర్టు తెరిచే ముందు నోటుబుక్కు తీసి ఆ టైము రాశాను. పోటీ రోజు పందెం నేను ఎక్కించలేదు కాబట్టి పద్దెనిమిదో వరస ఖాళీగానే ఉంది, అందులోనే రాశాను.